ఇండెక్స్ ఉన్నా క్వెరీ నెమ్మదించినప్పుడు: పోస్ట్‌గ్రెస్ ప్లానర్ తప్పుడు అంచనాను సరిదిద్దే విధానం

డేటాబేస్ టేబుల్‌లో రెండు కాలమ్‌ల మీద కలిపి ఇండెక్స్, అంటే వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచిక, కట్టి ఉంటుంది. క్వెరీలోని షరతులు కూడా ఆ రెండు కాలమ్‌ల మీదే ఉంటాయి. అయినా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని ప్లానర్, అంటే క్వెరీని ఏ దారిన నడపాలో ఎంచుకునే భాగం, ఆ ఇండెక్స్‌ను పక్కన పెట్టి వేరే దారిన పోతుంది, లేదా దానినే వాడుకుంటూ కూడా నిమిషాల తరబడి జవాబు ఇవ్వదు. ఇటువంటి ఫిర్యాదు రాగానే చాలామంది చేసే మొదటి పని ఇంకొక ఇండెక్స్ కట్టడం. నేను పనిచేసిన ఒక చోట ఈ అలవాటు వల్ల ఒకే టేబుల్ మీద పదకొండు ఇండెక్స్‌లు పేరుకుపోయాయి. కొత్త వరుస ఒకటి చేరిన ప్రతిసారీ ఆ పదకొండింటిలోనూ రాయవలసి వచ్చేది, అసలు క్వెరీ మాత్రం ఎప్పటిలాగే నెమ్మదిగా ఉండేది. అప్పటి నుంచి నేను పాటిస్తున్న క్రమం ఒకటే: ఎన్ని వరుసలు వస్తాయని ప్లానర్ అనుకుందో, నిజంగా ఎన్ని వచ్చాయో పక్కపక్కన పెట్టి చూడనంతవరకు ఇండెక్స్ జోలికి వెళ్లను.

ఈ వ్యాసమంతటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. దరఖాస్తులు అనే టేబుల్‌లో 1 కోటి వరుసలు ఉన్నాయనుకోండి. అందులో దరఖాస్తు సంఖ్య, జిల్లా కోడ్, మండలం కోడ్, స్థితి, నమోదు తేదీ అనే కాలమ్‌లు ఉన్నాయి. తెలంగాణలో 33 జిల్లాలు ఉన్నాయి; మండలాలను లెక్క సులువుగా ఉండడానికి 600 అనుకుందాం, దరఖాస్తులు అన్నింటికీ సమానంగా పంపిణీ అయ్యాయనీ అనుకుందాం. జిల్లా, మండలం కాలమ్‌ల మీద ఉమ్మడి ఇండెక్స్ ఉంది. ఒక జిల్లాలోని ఒక మండలానికి చెందిన దరఖాస్తులను, వాటికి జతచేసిన పత్రాల టేబుల్‌తో కలిపి తీయడం మన క్వెరీ పని.

ముందు ప్లాన్‌ను చదవండి

ప్లానర్ ఎంచుకున్న దారిని, అంటే ప్లాన్‌ను, చూడడానికి క్వెరీకి ముందు ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ చేర్చి నడిపించండి; ఎన్ని డేటా పేజీలు చదివిందో చూపే బఫర్స్ అనే ఎంపికను కూడా పెట్టండి. 18వ వెర్షన్ నుంచి ఎనలైజ్‌తో పాటు అది దానంతటదే వస్తుంది, అంతకు ముందు వెర్షన్లలో మనమే అడగాలి. ఎనలైజ్ అంటే క్వెరీ నిజంగా నడుస్తుందని మరవవద్దు. అప్‌డేట్, డిలీట్ వంటివాటిని, మార్పులు నిలవకుండా, బిగిన్, రోల్‌బ్యాక్ మధ్యలో పెట్టి మాత్రమే పరీక్షించాలి.

ప్లాన్‌లో ప్రతి మెట్టు దగ్గర రెండు జతల అంకెలు కనిపిస్తాయి. మొదటి కుండలీకరణంలో ఉన్నది ప్లానర్ అంచనా, రెండవదానిలో ఉన్నది జరిగిన వాస్తవం. మన ఉదాహరణలో ఇండెక్స్ స్కాన్ దగ్గర మొదటి చోట వరుసలు 505 అనీ, రెండవ చోట 16,667 అనీ కనిపిస్తుంది. ప్లాన్‌లో లోపలి మెట్ల నుంచి బయటికి వస్తూ, ఈ రెండు అంకెలు పది రెట్లకు మించి విడిపోయిన మొదటి చోటును పట్టుకోండి. ఆ పైన కనిపించే తప్పులన్నీ ఎక్కువగా అక్కడి నుంచి పాకినవే. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: నెస్టెడ్ లూప్ (ఒక టేబుల్‌లోని ఒక్కొక్క వరుసకూ రెండవ టేబుల్‌లో విడిగా వెతుకుతూ వాటిని కలిపే జాయిన్ పద్ధతి) లోపలి భాగంలో కనిపించే వాస్తవ వరుసల సంఖ్య ఒక్కొక్క తిరుగుడుకు సగటు మాత్రమే కాబట్టి, మొత్తం కావాలంటే దానిని లూప్స్ అంకెతో గుణించాలి. దీనిని గమనించక, ఒకటి అని ఉన్నచోట ఒక్క వరుసే వచ్చిందని పొరబడేవారిని ఎందరినో చూశాను.

మరొక విషయం కూడా అక్కడే చూడాలి. ఒక షరతు ఇండెక్స్ కండ్ అనే పంక్తిలో ఉంటే దానితో ఇండెక్స్‌లో వెతికారని అర్థం. ఫిల్టర్ అనే పంక్తిలో ఉంటే వరుసను తెచ్చిన తర్వాత పరీక్షించి పారేశారని అర్థం. ఎన్నింటిని పారేశారో ఆ కిందనే 'రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్' అనే అంకె చెబుతుంది. ఆ అంకె లక్షల్లో ఉంటే లోపం ఇండెక్స్ కూర్పులోనో ఎంపికలోనో ఉంది. ఆ అంకె చిన్నగా ఉండి అంచనా మాత్రం తప్పితే లోపం గణాంకాల్లో ఉంది. ఈ రెంటికీ మందులు వేరు.

505 ఎక్కడి నుంచి వచ్చింది

పోస్ట్‌గ్రెస్ ఒక్కొక్క కాలమ్‌కు విడివిడిగా గణాంకాలు సేకరిస్తుంది. జిల్లా షరతుకు 33లో ఒక వంతు వరుసలు నిలుస్తాయనీ, మండలం షరతుకు 600లో ఒక వంతు నిలుస్తాయనీ దానికి తెలుసు. రెండు షరతులూ కలిసి వచ్చినప్పుడు ఆ రెండు భిన్నాలనూ గుణిస్తుంది. 1 కోటిని 33తోను, ఆపైన 600తోను భాగిస్తే సుమారు 505 వస్తుంది. కాలమ్‌ల మధ్య ఏ సంబంధమూ లేదన్న ఈ ఊహ కొత్తది కాదు. 1979లో ఐబీఎం పరిశోధకులు సిస్టమ్ ఆర్ అనే తమ ప్రయోగాత్మక డేటాబేస్ కోసం ఖర్చు ఆధారంగా ప్లాన్ ఎంచుకునే పద్ధతిని ప్రకటించినప్పుడే అది అందులో ఉంది.

మండలం తెలిస్తే జిల్లా తెలిసినట్టేనని మనకు తెలుసు. ఒక మండలం కోడ్ ఒకే జిల్లాలో ఉంటుంది, కనుక జిల్లా షరతు వరుసలను ఏమాత్రం తగ్గించదు. నిజమైన జవాబు 1 కోటిలో 600వ వంతు, అంటే సుమారు 16,667. ప్లానర్ సరిగ్గా 33 రెట్లు తక్కువగా ఊహించింది. 505 వరుసలే అనుకుంది కాబట్టి పత్రాల టేబుల్‌లోకి ఒక్కొక్క దరఖాస్తుకూ విడిగా వెళ్లి వెతకడం చవక అని నెస్టెడ్ లూప్‌ను ఎంచుకుంది. ఒక్కొక్క వెతుకులాటకు 2 మిల్లీసెకన్లు పట్టిందనుకుంటే, ఒక సెకనులో ముగియవలసిన పని 33 సెకన్లకు చేరుతుంది. ఇంకొక జాయిన్ దాని మీద కూర్చుంటే పరిస్థితి ఇంకా విషమిస్తుంది.

రెండు కాలమ్‌ల మీద ఉమ్మడి ఇండెక్స్ కట్టాం కదా, వాటి ఉమ్మడి లెక్క ప్లానర్‌కు తెలియదా అన్న సందేహం సహజం. పోస్ట్‌గ్రెస్‌లో ఇండెక్స్ కట్టినంత మాత్రాన ఆ కాలమ్‌ల ఉమ్మడి గణాంకాలు తయారు కావు. వేరే డేటాబేస్‌ల నుంచి వచ్చినవారు ఇక్కడే పొరబడతారు. ఉదాహరణకు ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉమ్మడి ఇండెక్స్ కట్టినప్పుడు ఆ కాలమ్‌ల సాంద్రతను (విలువల కలయికలు ఎంతగా పునరావృతమవుతాయో తెలిపే కొలతను) కూడా లెక్కగట్టి దాచుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌కు మనం విడిగా చెప్పాలి.

ఉమ్మడి గణాంకాలను తయారు చేయడం

ఆ చెప్పే ఆదేశం క్రియేట్ స్టాటిస్టిక్స్. ఇది 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఉంది. ఆదేశంలో మొదట గణాంకానికి ఒక పేరు, తరువాత కుండలీకరణంలో రకం, ఆన్ తరువాత కాలమ్‌ల పేర్లు, ఫ్రమ్ తరువాత టేబుల్ పేరు రాయాలి. రకాలు మూడు. డిపెండెన్సీస్ అనేది ఒక కాలమ్ విలువ మరొక కాలమ్ విలువను ఎంతవరకు నిర్ణయిస్తుందో కొలుస్తుంది. ఎన్‌డిస్టింక్ట్ అనేది కాలమ్‌ల జతలో ఎన్ని భిన్నమైన కలయికలు ఉన్నాయో లెక్కిస్తుంది. గ్రూప్ బై ఉన్న క్వెరీలకు ఇది కావాలి. 2019లో 12వ వెర్షన్‌తో చేరిన ఎమ్‌సీవీ మాత్రం తరచుగా కనిపించే కలయికల జాబితానే, ఒక్కొక్కటి ఎంత శాతమో సహా, దాచుకుంటుంది.

ఆదేశం ఇవ్వగానే ఏమీ మారదు. ఆ వెంటనే టేబుల్ మీద ఎనలైజ్ ఆదేశాన్ని (ఎక్స్‌ప్లెయిన్‌తో వచ్చే ఎంపిక కాదు, గణాంకాలు సేకరించే వేరే ఆదేశం) నడిపించినప్పుడే గణాంకాలు నిండుతాయి. ఇది మరిచిపోయి "క్రియేట్ స్టాటిస్టిక్స్ పనిచేయలేదు" అని నిర్ధారించుకున్న సందర్భాలు తక్కువేమీ కావు. ఎనలైజ్ పూర్తయ్యాక పీజీ_స్టాట్స్_ఎక్స్‌ట్ అనే వ్యూను చూడండి. డిపెండెన్సీస్ గడిలో "3 => 2": 1.000000 వంటి పంక్తి ఉంటుంది. 3, 2 అనేవి టేబుల్‌లో కాలమ్‌ల వరుస సంఖ్యలు. మన టేబుల్‌లో 3వది మండలం, 2వది జిల్లా. మండలం తెలిస్తే జిల్లా నూటికి నూరు పాళ్లు తెలిసినట్టేనని ఆ 1.000000 చెబుతోంది. జిల్లా తెలిసినంత మాత్రాన మండలం తెలియదు కాబట్టి ఎదురు దిశ అక్కడ కనిపించదు.

ఇప్పుడు మళ్లీ ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ నడిపించండి. అంచనా 505 నుంచి 16,667 దరిదాపులకు వస్తుంది, జాయిన్ కూడా చాలావరకు హ్యాష్ జాయిన్‌గా, అంటే ఒక టేబుల్ వరుసలను మెమరీలో పట్టికగా పేర్చుకుని రెండవదానిని ఒక్కసారి చదివే పద్ధతిగా, మారుతుంది. ఇండెక్స్‌ను తాకకుండా, అప్లికేషన్‌లో ఒక్క అక్షరం మార్చకుండా క్వెరీ దారిలోకి రావడం చూసినప్పుడు, ఈ సౌకర్యం ఇంకా ఎక్కువమందికి తెలిసి ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

దీని హద్దులు కూడా తెలిసి ఉండాలి. డిపెండెన్సీస్ రకం సమానత్వ షరతులకూ, స్థిరమైన విలువలతో రాసిన ఇన్ షరతులకూ మాత్రమే వర్తిస్తుంది. తేదీల మధ్య పరిధి వంటివాటికి వర్తించదు. పైగా అది అడిగిన విలువలు ఒకదానితో ఒకటి పొసగుతాయని నమ్ముతుంది. ఖమ్మం జిల్లా కోడ్‌కు వేరే జిల్లాలోని మండలం కోడ్ జతచేసి అడిగితే ఒక్క వరుసా రాదు, కానీ ప్లానర్ 16 వేలు వస్తాయనే అనుకుంటుంది. వినియోగదారులు తప్పుడు జతలు ఎంచుకునే వీలున్న వెతుకు పేజీలకు ఎమ్‌సీవీ మేలు. నా మట్టుకు నేను మొదట మూడు రకాలనూ కలిపే తయారు చేస్తాను. కాలమ్‌లు రెండు మూడే అయినప్పుడు దాని భారం స్వల్పం.

నమూనా పరిమాణం కూడా చూసుకోవాలి. గణాంకాల లక్ష్యం సహజంగా 100 ఉంటుంది, ఎనలైజ్ దానికి 300 రెట్లు, అంటే 30,000 వరుసలను తీసి చూస్తుంది, తరచు విలువల జాబితాలో 100కి మించి ఉంచదు. మనకు 600 మండలాలు ఉన్నాయి. నిజజీవితంలో దరఖాస్తులు సమానంగా ఉండవు. నగర మండలాల్లో విపరీతంగానూ, అటవీ ప్రాంత మండలాల్లో బహు తక్కువగానూ ఉంటాయి. జాబితాలో చోటు దక్కని మండలాలన్నింటికీ ప్లానర్ ఒకే సగటును అంటగడుతుంది. అటువంటప్పుడు ఆల్టర్ టేబుల్ ద్వారా ఆ కాలమ్‌ల స్టాటిస్టిక్స్ లక్ష్యాన్ని 1000కి పెంచి మళ్లీ ఎనలైజ్ చేయండి. టేబుల్ మొత్తానికి కాక, అవసరమైన రెండు కాలమ్‌లకే పెంచితే చాలు.

గణాంకాలు నయం చేయలేని జబ్బు: ఆర్డర్ బై, లిమిట్

క్వెరీ చివర ఆర్డర్ బై (క్రమంలో పేర్చమనడం), లిమిట్ (కొన్ని వరుసలే చాలనడం) ఉన్నప్పుడు కథ మారుతుంది. ఒక మండలంలో పెండింగ్‌లో ఉన్న దరఖాస్తుల్లో అన్నిటికంటే పాతవి 20 చూపాలనుకోండి. మండలం, స్థితి మీద ఒక ఇండెక్స్ ఉంది. నమోదు తేదీ మీద వేరొకటి ఉంది. మొత్తం దరఖాస్తుల్లో పదో వంతు పెండింగ్ అయితే, ఒక మండలానికి అవి సుమారు 1,667. ఈ అంచనాలో తప్పేమీ లేదు.

అయినా ప్లానర్ మొదటి ఇండెక్స్‌ను వదిలి తేదీ ఇండెక్స్‌ను పట్టుకోవచ్చు. అది ఇలా లెక్క వేస్తుంది: కావలసిన వరుసలు కోటిలో 1,667 అంటే ప్రతి 6,000 వరుసలకు ఒకటి తగులుతుంది, తేదీ వరుసలో నడుచుకుంటూ పోతే 1,20,000 వరుసల్లోపే 20 దొరుకుతాయి, విడిగా సార్ట్ చేయనక్కరలేదు. కావలసిన వరుసలు టేబుల్ అంతటా సమానంగా చల్లి ఉన్నాయన్న నమ్మకమే ఇక్కడ దెబ్బ కొడుతుంది. పాత దరఖాస్తులు ఎప్పుడో పరిష్కారమై ఉంటాయి, పెండింగ్‌లో ఉన్నవన్నీ చివరి పదో వంతులో ఉంటాయి. పాతవాటి నుంచి మొదలుపెట్టిన ప్లాన్ దాదాపు 90 లక్షల వరుసలు దాటాక గానీ మొదటి జవాబును చూడదు. రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్ దగ్గర 90 లక్షల అంకె కనిపిస్తే ఈ జబ్బేనని గుర్తించండి.

క్రియేట్ స్టాటిస్టిక్స్ దీనికి పనిచేయదు, ఎందుకంటే షరతుకు తగిన వరుసలు తేదీ క్రమంలో ఎక్కడ గుమిగూడాయో ఆ గణాంకాలు చెప్పవు. ఇక్కడ ఇండెక్స్‌నే మార్చాలి. మండలం, స్థితి, నమోదు తేదీ అనే క్రమంలో మూడు కాలమ్‌ల ఇండెక్స్ కడితే, మండలం, స్థితి కలిసిన చోట ఎంట్రీలు తేదీ క్రమంలోనే పేర్చి ఉంటాయి. ప్లానర్ అక్కడికి దిగి మొదటి 20 తీసుకుని ఆగిపోతుంది. వెతికేది ఎప్పుడూ పెండింగ్ దరఖాస్తులనే అయితే, మండలం, నమోదు తేదీ మీద మాత్రమే ఇండెక్స్ కట్టి, చివర వేర్ స్థితి పెండింగ్ అని చేర్చిన పాక్షిక ఇండెక్స్ ఇంకా మంచిది. అది పదో వంతు పరిమాణంలోనే ఉంటుంది. రెండు పద్ధతుల్లోనూ స్థితి మార్పు ఇండెక్స్‌ను తాకుతుంది, అందువల్ల ఆ అప్‌డేట్‌లు పోస్ట్‌గ్రెస్‌లో ఇండెక్స్‌లను తాకకుండా చవకగా జరిగే హాట్ అప్‌డేట్‌లు కాలేవు. స్థితి రోజుకు లక్షల సార్లు మారే టేబుల్ అయితే ఈ ఖర్చును ముందే లెక్కలో పెట్టుకోండి.

అత్యవసరంగా ఆ పూట గట్టెక్కాలంటే ఆర్డర్ బై దగ్గర తేదీకి సున్నా వ్యవధి కలిపిన వ్యక్తీకరణ రాయడం వంటి ఉపాయం ఉంది. అప్పుడు తేదీ ఇండెక్స్ ఆ క్రమానికి పనికిరాదు కాబట్టి ప్లానర్ మండలం, స్థితి ఇండెక్స్‌కు మళ్లుతుంది. దానిని తాత్కాలిక కట్టుగానే చూడండి, పక్కన వ్యాఖ్య రాసి పెట్టండి. మైఎస్‌క్యూఎల్‌లోనూ ఇదే జబ్బు ఉంది, అక్కడ 8.0.21 నుంచి ఆప్టిమైజర్ స్విచ్‌లో ప్రిఫర్ ఆర్డరింగ్ ఇండెక్స్ అనే మీటను ఆపివేసే వీలు కల్పించారు.

కాలమ్‌ల క్రమం

మన ఊళ్లలో రిజిస్టర్లు ఇంటిపేరు ముందు, పేరు తరువాత అన్న క్రమంలో రాస్తే ఎలా ఉంటుందో బీ-ట్రీ ఇండెక్స్ (పోస్ట్‌గ్రెస్ మామూలుగా కట్టే రకం) అలాగే ఉంటుంది. ఇంటిపేరు తెలిస్తే ఆ పుట తెరిచి పేరు చూసుకోవచ్చు. ఇంటిపేరు తెలియకుండా వెంకటేశ్వర్లు అన్నవారందరినీ వెతకమంటే పుస్తకమంతా తిరగేయాలి. కనుక సమానత్వ షరతులు వచ్చే కాలమ్‌లు ముందు, పరిధి షరతు లేదా క్రమం కోరే కాలమ్ ఆ తరువాత రావాలి. పరిధి కాలమ్‌ను ముందు పెడితే దాని తరువాతి కాలమ్‌లు ఇండెక్స్ కండ్‌లో కనిపించినా, చదవవలసిన భాగాన్ని కుదించలేవు. ఎక్కువ భిన్న విలువలున్న కాలమ్‌నే ముందు పెట్టాలన్న మాట విరివిగా వినిపిస్తుంది గానీ, అన్నీ సమానత్వ షరతులే అయినప్పుడు ఆ క్రమం వల్ల పెద్ద తేడా రాదు. 2025 సెప్టెంబరులో వచ్చిన 18వ వెర్షన్‌లో స్కిప్ స్కాన్ చేరింది; మొదటి కాలమ్‌పై షరతు లేకపోయినా, దానిలో భిన్న విలువలు కొద్దిగానే ఉంటే, ఒక్కొక్క విలువ దగ్గరికి దూకుతూ ఇండెక్స్‌ను వాడుకోగలదు. జిల్లా వంటి 33 విలువల కాలమ్‌కు అది సరిపోతుంది, వేల విలువల కాలమ్ మీద ఆశ పెట్టుకోవద్దు.

నడుస్తున్న వ్యవస్థలో ఇండెక్స్ కట్టేటప్పుడు క్రియేట్ ఇండెక్స్ కంకరెంట్లీ వాడండి, లేకపోతే కట్టడం పూర్తయ్యేదాకా టేబుల్‌లోకి రాతలు ఆగిపోతాయి. దానిని ట్రాన్సాక్షన్ లోపల నడపడం కుదరదు. మధ్యలో విఫలమైతే ఇన్‌వ్యాలిడ్ అన్న గుర్తుతో సగం ఇండెక్స్ మిగిలిపోతుంది. అది క్వెరీలకు ఉపయోగపడదు, రాతల భారం మాత్రం మోపుతూనే ఉంటుంది. వెంటనే తొలగించి మళ్లీ కట్టాలి.

జవాబే తప్పు వస్తే

ఇంతవరకు చెప్పినదంతా నెమ్మదికి సంబంధించినది. ఇండెక్స్ వాడినప్పుడు ఒక సంఖ్య, వాడనప్పుడు మరొక సంఖ్య వస్తుంటే అది గణాంకాల సమస్య కానే కాదు. ఒక సెషన్‌లో ఎనేబుల్ ఇండెక్స్ స్కాన్, ఎనేబుల్ ఇండెక్స్ ఓన్లీ స్కాన్, ఎనేబుల్ బిట్‌మ్యాప్ స్కాన్ అనే మూడు మీటలనూ ఆపి అదే క్వెరీ నడిపి, రెండు జవాబులనూ పోల్చండి. తేడా ఉంటే ముందు అనుమానించవలసింది అక్షర క్రమాన్ని. 2018లో వచ్చిన లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 అనేక భాషల అక్షర క్రమాన్ని మార్చింది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చి పాత డేటా ఫైళ్లనే తగిలించినవారి దగ్గర, టెక్స్ట్ కాలమ్ ఉన్న ఇండెక్స్‌లు చెల్లాచెదురయ్యాయి. ఆమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్‌తో ఇండెక్స్‌ను తనిఖీ చేసి, రీఇండెక్స్ చేయండి.

అప్లికేషన్ పంపే రూపంలోనే పరీక్షించండి

చేతితో విలువలు రాసి నడిపితే వేగంగా ఉండి, అప్లికేషన్ నుంచి మాత్రం నెమ్మదిగా ఉండే క్వెరీలు ఉన్నాయి. విలువల చోటు ఖాళీగా ఉంచి అప్లికేషన్ ముందే సిద్ధం చేసే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌కు పోస్ట్‌గ్రెస్ మొదటి 5 సార్లు అసలు విలువలను చూసి ప్లాన్ వేస్తుంది. ఆ తరువాత విలువలు చూడని సాధారణ ప్లాన్ ఖర్చును పోల్చి, అది పెద్దగా ఎక్కువ కాదనిపిస్తే దానితోనే స్థిరపడుతుంది. నగర మండలానికీ అటవీ మండలానికీ అప్పుడు ఒకే ప్లాన్. 16వ వెర్షన్ నుంచి ఎక్స్‌ప్లెయిన్‌లో జెనరిక్ ప్లాన్ అనే ఎంపికతో ఆ ప్లాన్‌ను చూడవచ్చు. లోపం అక్కడే ఉందని తేలితే ప్లాన్ క్యాష్ మోడ్‌ను ఫోర్స్ కస్టమ్ ప్లాన్‌కు మార్చండి, అప్లికేషన్ వాడే ఆ ఒక్క రోల్‌కు (డేటాబేస్ ఖాతాకు) మాత్రమే.

సరిచేసిన తరువాత ఒక వారం పాటు పీజీ_స్టాట్_యూజర్_ఇండెక్సెస్‌లో స్కాన్ సంఖ్యలను గమనించండి. మూడు కాలమ్‌ల ఇండెక్స్ వచ్చాక మండలం, స్థితి మీద ఉన్న పాత ఇండెక్స్ చాలావరకు అనవసరమవుతుంది, కానీ తొలగించే ముందు రెప్లికాల (ప్రధాన సర్వర్ నకళ్ల) మీద కూడా చూడండి. ఈ లెక్క ఒక్కొక్క సర్వర్‌కు విడిగా ఉంటుంది, రిపోర్టులన్నీ రెప్లికా మీదే నడుస్తుండవచ్చు. తొలగించడానికి వాడిన ఆదేశం పక్కనే తిరిగి కట్టే ఆదేశాన్ని కూడా రాసి ఉంచండి.

పెద్ద వెర్షన్‌కు మారినప్పుడు ఈ పని మళ్లీ గుర్తుకు రావాలి. వెర్షన్ మార్చే సాధనమైన పీజీ_అప్‌గ్రేడ్ 17వ వెర్షన్ వరకు గణాంకాలను వెంట తీసుకువెళ్లేది కాదు. 18వ వెర్షన్‌కు మారేటప్పుడు మామూలు గణాంకాలు వెంట వస్తాయి గానీ, క్రియేట్ స్టాటిస్టిక్స్‌తో చేసినవి రావు. వాటి నిర్వచనం ఉంటుంది, లోపల ఖాళీగా ఉంటుంది. అందువల్ల వినియోగదారులకు ద్వారాలు తెరిచేముందు, వ్యాక్యూమ్‌డీబీ అనే నిర్వహణ సాధనాన్ని మిస్సింగ్ స్టాట్స్ ఓన్లీ ఎంపికతో ఎనలైజ్‌కు నడిపి, పీజీ_స్టాట్స్_ఎక్స్‌ట్‌లో ఆ 1.000000 తిరిగి కనిపించిందో లేదో కళ్లారా చూసుకోండి.